చింతపండులోనూ ఆమ్లమే, బాత్‌రూమ్ సీసాలోనూ ఆమ్లమే. మరి తేడా ఎక్కడ?

సిరి_వాళ్ళమ్మ
మా అమ్మాయి పదో తరగతి. ఆమ్లాలు, క్షారాలు, లవణాలు పాఠం మొత్తం అప్పజెప్పేస్తుంది. "నీటిలో హైడ్రోజన్ అయాన్లను ఇచ్చేది ఆమ్లం" అని గడగడా చెబుతుంది. పప్పుచారుకి చింతపండు పిసుకుతుంటే పక్కన నిలబడి అడిగింది: "ఇందులో టార్టారిక్ ఆమ్లం, బాత్‌రూమ్ కడిగే సీసాలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం. రెండూ ఇచ్చేది హెచ్ ప్లస్సే. ఒకటి రోజూ తింటాం, ఇంకోటి చేతికి తగిలితే కేకలేస్తావు. ఇచ్చేది ఒకటే అయినప్పుడు తేడా ఎలా వచ్చింది?" నేను బీకాం, నాకు తెలీదు. ట్యూషన్‌లో అడిగితే "ఒకటి బలమైనది, ఇంకోటి బలహీనమైనది అని రాసెయ్, చాలు" అన్నారట. బలమైనది అంటే ఏంటన్నది దాని ప్రశ్న. పరమాణువు దగ్గర్నుంచి మొదలుపెట్టి పిల్లకి అర్థమయ్యేలా ఎవరైనా చెప్పండి.

మార్కుల_మామయ్య
ట్యూషన్‌లో చెప్పింది తప్పేం కాదండీ. ముందు పబ్లిక్ పరీక్ష గట్టెక్కనివ్వండి. ఇలాంటివి ఇంటర్‌లో ఎలాగూ వస్తాయి. ఇప్పుడు ప్రతి వాక్యానికీ ఎందుకు అని కూర్చుంటే సిలబస్ పూర్తవదు.

వరంగల్_పిల్ల
మామయ్యా, ఇంటర్‌లో అడిగితే "ఇది టెన్త్‌లోనే చదువుకుని వచ్చుండాలి" అంటారు. నేను ఆ రెండు క్లాసుల మధ్యే ఇరుక్కుపోయిన. అడిగిన రోజే చెప్పాలి.

ల్యాబ్_కోటు
అమ్మాయి ప్రశ్న చాలా మంచిది. పరమాణువు దగ్గరే మొదలుపెడదాం, ఎందుకంటే జవాబు సగం అక్కడే ఉంది.

మామూలు హైడ్రోజన్ పరమాణువులో ఉన్నవి రెండే: మధ్యలో ఒక ప్రోటాన్, దాని చుట్టూ ఒక ఎలక్ట్రాన్. న్యూట్రాన్ కూడా లేదు. సోడియం పరమాణువు ఒక ఎలక్ట్రాన్‌ని వదులుకుంటే ఇంకా పది మిగులుతాయి. హైడ్రోజన్ తన ఎలక్ట్రాన్‌ని వదులుకుంటే ఏమీ మిగలదు, ఒట్టి ప్రోటాన్ తప్ప. ఇలా ఎలక్ట్రాన్‌ని పోగొట్టుకునో, తెచ్చుకునో ఆవేశం వచ్చిన పరమాణువునే అయాన్ అంటారు. హైడ్రోజన్ అయాన్, హెచ్ ప్లస్ అని పుస్తకంలో రాసేది ఆ ప్రోటాన్‌నే. తొమ్మిదో తరగతిలో పరమాణు నిర్మాణం పాఠంలో చదివిన ప్రోటాన్, పదో తరగతిలో ఆమ్లాల పాఠంలో వచ్చే హెచ్ ప్లస్ ఒకటేనని పిల్లలకి ఎవరూ చెప్పరు. రెండు పాఠాలు వేరు, రెండు పరీక్షలు వేరు, అందుకని రెండు వస్తువులనుకుంటారు.

ఒట్టి ప్రోటాన్ అంటే పరమాణువు కంటే దాదాపు లక్ష రెట్లు చిన్నది, పైగా ధనావేశం. అంత చిన్న చోట అంత ఆవేశం ఉంటే అది నీళ్లలో ఒంటరిగా తిరగలేదు. దగ్గర్లో ఉన్న నీటి అణువులోని ఆక్సిజన్‌కి అతుక్కుపోతుంది. అలా తయారైనదే హైడ్రోనియం. పులుపు రుచి, లిట్మస్ ఎర్రబడటం, జింక్ ముక్క వేస్తే బుడగలు రావడం, అన్నిటికీ మూలం ఇదే. చింతపండు నుంచి వచ్చిన ప్రోటాన్‌కీ, సీసాలోంచి వచ్చిన ప్రోటాన్‌కీ ఏ తేడా లేదు. అమ్మాయి అన్నది ముమ్మాటికీ నిజం. తేడా అంతా ఎన్ని ఉన్నాయన్న దగ్గర వస్తుంది.

గోదారి_గట్టు
పై పోస్టుకి కొనసాగింపు. "ఎన్ని ఉన్నాయి" అన్నదాన్ని రెండు విషయాలు తేలుస్తాయి. పిల్లలు, కొన్నిసార్లు పెద్దలు కూడా, ఆ రెంటినీ కలిపేస్తారు. ఆర్టీసీ బస్సు అనుకోండి. బస్సులో ఎంతమంది ఎక్కారన్నది ఒకటి, స్టాప్ రాగానే అందులో ఎంతమంది దిగారన్నది వేరొకటి. ఎక్కినవాళ్ల లెక్క గాఢత. దిగినవాళ్ల శాతం బలం. హైడ్రోక్లోరిక్ ఆమ్లం బస్సులో అందరూ దిగిపోతారు. వెనిగర్‌లోని ఎసిటిక్ ఆమ్లం బస్సులో రెండొందల మందికి ఒకరు దిగితే ఎక్కువ, మిగతావాళ్లు సీట్లలోనే ఉంటారు.

కాబట్టి బలమైనది అంటే చిక్కనిది అని కాదు. నీళ్లు బాగా కలిపిన హైడ్రోక్లోరిక్ ఆమ్లం పలచనిదే, అయినా బలమైనదే. నీళ్లు కలపని ఎసిటిక్ ఆమ్లం చిక్కనిదే, అయినా బలహీనమైనదే.

ఇంకిపెన్ను
బస్సు బాగుంది. దిగినవాళ్లకి టికెట్ డబ్బులు తిరిగిస్తారా 😀

సిరి_వాళ్ళమ్మ
బస్సు వినగానే మా అమ్మాయికి వెలిగింది. ఇప్పుడు ఇంకో ప్రశ్న. మన కడుపులో ఉండేది కూడా హైడ్రోక్లోరిక్ ఆమ్లమేనని పుస్తకంలో ఉంది. అక్కడ అందరూ దిగిపోతే కడుపు ఎలా తట్టుకుంటోంది?

ల్యాబ్_కోటు
అక్కడ బస్సుల్లో జనమే తక్కువ. అంకెల్లో చూస్తే తేలికగా తెలుస్తుంది. ల్యాబ్‌కి వచ్చే గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం సుమారు 37 శాతం, అంటే లీటరులో 12 మోల్స్ (అణువుల్ని లెక్కపెట్టే కొలత) దాకా. బాత్‌రూమ్ కడిగేవి చాలావరకు 10 శాతం దగ్గర ఉంటాయి, లీటరుకి 3 మోల్స్ లోపు. కడుపులో పీహెచ్ (ఆమ్లాన్ని కొలిచే అంకె, తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) సుమారు 1.5 నుంచి 3, అంటే ఎక్కువగా ఉన్నప్పుడు కూడా లీటరుకి 0.03 మోల్స్. సీసాలో దానికి వంద రెట్లు ఉంది. పైగా కడుపు లోపలి గోడకి జిగురు పొర ఉంటుంది. ఆ పొరలో ఉండే, క్షార గుణమున్న బైకార్బొనేట్ ఆమ్లాన్ని గోడ దాకా రానివ్వదు. ఆమ్లం పైకి తన్ని గొంతులోకి వచ్చిందంటే మంట, ఎందుకంటే అక్కడ అలాంటి పొర లేదు.

నిమ్మరసం పీహెచ్ 2 నుంచి 2.5. అంటే నిమ్మరసమూ, కడుపులోని ఆమ్లమూ ఇంచుమించు ఒకే వీధిలో ఉంటాయి. ఆమ్లం పేరు చూసి భయపడక్కర్లేదు, అంకె చూడాలి.

మార్కుల_మామయ్య
పీహెచ్ ఒక్క అంకె మారితే పది రెట్లు తేడా అని కూడా చెప్పండి. ఒక మార్కు ప్రశ్నగా వస్తుంది.

వరంగల్_పిల్ల
ఈసారి మామయ్యతో ఒప్పుకుంటున్న. పీహెచ్ 2 అంటే పీహెచ్ 4 కంటే రెండింతలు కాదు, వంద రెట్లు. మా క్లాసులో సగం మంది రెండింతలనే రాసిన్రు. ఈ కొలత తెచ్చింది డెన్మార్క్‌లో సోరెన్‌సెన్, 1909లో. కోపెన్‌హాగన్‌లో బీరు తయారీకి సంబంధించిన ప్రయోగశాలలో పనిచేసేవాడు. 0.0001 అని సున్నాలు రాసీ రాసీ విసుగొచ్చే చోట ఈ కొలతతో 4 అని ఒక్క అంకె రాస్తే సరిపోతది.

పూల_సజ్జ
ఇంట్లో చేసి చూపించడానికి ఒకటి చెబుతాను. పెళ్లిలో కాళ్లకి పెట్టే పారాణి, దిష్టి తీసే ఎర్రనీళ్లు ఎలా చేస్తారు? పసుపులో సున్నం కలుపుతారు. పసుపు పచ్చనిది, సున్నం తెల్లనిది, కలిపితే నెత్తురంత ఎరుపు. సున్నం క్షారం, పసుపులోని కర్క్యుమిన్ క్షారంలో ఎర్రబడుతుంది. ఆ ఎర్రనీళ్లలో నిమ్మచెక్క పిండండి. ఎరుపు విరిగి మళ్లీ పసుపు రంగు వచ్చేస్తుంది. మళ్లీ కాస్త సున్నం వేయండి, మళ్లీ ఎరుపు. తటస్థీకరణం, అంటే ఆమ్లమూ క్షారమూ ఒకదాన్నొకటి రద్దు చేసుకోవడం అన్న పాఠం మొత్తం ఆ పళ్లెంలో కనిపిస్తుంది. చొక్కా మీద కూర మరక సబ్బు తగలగానే ఎర్రబడేది కూడా ఇందుకే.

గోదారి_గట్టు
@పూల_సజ్జ ప్రయోగం అద్భుతం. ఒక్క షరతు. పసుపు క్షారాన్ని మాత్రమే పట్టిస్తుంది. మంచినీళ్లలోనూ పచ్చగానే ఉంటుంది, నిమ్మరసంలోనూ పచ్చగానే ఉంటుంది. పసుపుతో చూసి "ఇది ఆమ్లం" అనలేం. దానికి శంఖుపుష్పం మంచిది. నాలుగు నీలం పూలు వేడినీళ్లలో వేస్తే నీలం రంగు దిగుతుంది. నిమ్మరసం చుక్క పడితే ఊదా, ఇంకాస్త పడితే గులాబీ. సున్నపు నీళ్లు పడితే ఆకుపచ్చ. వంటసోడా, చల్ల, సబ్బునీళ్లు, కుళాయి నీళ్లు, ఒక్కో గిన్నెలో ఒక్కోటి పెట్టి పిల్లనే వరసలో పేర్చమనండి.

ఇంకిపెన్ను
మందార పువ్వు కూడా పనికొస్తుంది. మా బడిలో లిట్మస్ ఉండేది కాదు. మాస్టారు ఎర్ర మందార రేకుల్ని తెల్లకాగితం మీద రుద్దించి ఆరబెట్టించేవారు. ఆమ్లం తగిలితే ముదురు గులాబీ, క్షారం తగిలితే ఆకుపచ్చ.

బాబాయ్_డల్లాస్
ఒక సందేహం. బలహీన ఆమ్లాలు ప్రమాదం లేనివి, బలమైనవి ప్రమాదం అని పిల్లలకి చెప్పేస్తే సరిపోదా? చింతపండు, నిమ్మ, పెరుగు అన్నీ బలహీనమేగా. సులువుగా గుర్తుంటుంది.

ల్యాబ్_కోటు
ఆ మాట మాత్రం పిల్లలకి చెప్పకండి బాబాయ్. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం బలహీన ఆమ్లాల జాబితాలోనే ఉంటుంది. గాజుని కూడా తినేస్తుంది. పలచనిది చర్మం మీద పడితే మొదట్లో పెద్దగా మంట కూడా తెలియకపోవచ్చు. కానీ ఫ్లోరైడ్ లోపలికి దిగి ఒంట్లోని కాల్షియాన్ని పట్టేసుకుంటుంది. ఎక్కువగా పడితే గుండె లయ తప్పి ప్రాణం పోతుంది. అందుకే అది వాడే చోట కాల్షియం గ్లూకోనేట్ జెల్ పక్కనే పెట్టుకుంటారు. ఇక్కడ చంపేది ప్రోటాన్ కాదు, ప్రోటాన్ వెళ్లిపోయాక మిగిలిన రెండో ముక్క.

అటు సల్ఫ్యూరిక్ ఆమ్లం చూడండి. గాఢంగా ఉన్నప్పుడు పంచదారలో పోస్తే నల్లటి బొగ్గు పొంగుతూ లేస్తుంది. అది హెచ్ ప్లస్ పనే అనుకుంటారు, కాదు. పంచదార అణువులోంచి నీటిని లాగేస్తుంది, మిగిలేది కార్బన్. చర్మం మీద పడినా ఆ లాగే గుణమూ పనిచేస్తుంది. కాబట్టి ఒక ఆమ్లం ప్రమాదమా కాదా అనేది మూడు చూసి చెప్పాలి: ఎంత గాఢం, ఎంత బలం, ప్రోటాన్ పోయాక మిగిలేది ఏం చేస్తుంది.

నల్లరేగడి
ఫ్లోరైడ్ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా, మాది నల్లగొండ వైపు. ఒకప్పుడు బోరు నీళ్లు తాగి వంగిపోయిన కాళ్లు మా చుట్టుపక్కల ఊళ్లలో చాలామందికి ఉండేవి. అది ఫ్లోరిన్ వాయువు కాదు, రాళ్లలోంచి నీళ్లలోకి కరిగి వచ్చిన ఫ్లోరైడ్ అయాను. లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగకూడదు. పరమాణువు వేరు, అదే అయానుగా మారితే వేరని పాఠంలో చదివేటప్పుడు మా ఊరి పిల్లలకి ఉదాహరణ వెతుక్కోనక్కర్లేదు. నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ వాళ్లు ఆ నీళ్లని బాగుచేసే పద్ధతి ఒకటి తయారుచేశారు. దాని పేరే నల్లగొండ టెక్నిక్. పటిక, సున్నం, కొంచెం బ్లీచింగ్ పౌడర్ వేసి కలిపి తేరనివ్వడమే. పటిక తెట్టెలా కడుతుంది, ఫ్లోరైడ్ దానికి అంటుకుని అడుక్కి పోతుంది. పటిక వేస్తే నీళ్లు ఆమ్లం వైపు పోతాయి, సున్నం దాన్ని వెనక్కి లాగుతుంది. అంటే ఇదీ మీ ఆమ్లం, క్షారం పాఠమే.

వరంగల్_పిల్ల
ఇది పుస్తకంలో బాక్స్ కట్టి వేయాల్సింది.

సిరి_వాళ్ళమ్మ
@నల్లరేగడి మీ పోస్టు అమ్మాయికి చదివి వినిపించాను. "సోడియం నీళ్లలో వేస్తే భగ్గుమంటుంది, క్లోరిన్ పీలిస్తే ఊపిరితిత్తులు పోతాయి, ఉప్పు మాత్రం కూరలో వేసుకుంటాం, ఇది కూడా అదే కదా" అంది.

ల్యాబ్_కోటు
అదే. ఆ వాక్యం దాని నోట్సులో రాసుకోమనండి.

బాబాయ్_డల్లాస్
సరే, ఇంకోటి. మా ఆవిడ పొద్దున్నే వేడినీళ్లలో నిమ్మరసం తాగుతుంది. నిమ్మరసం కడుపులోకి వెళ్లాక క్షారంగా మారి రక్తాన్ని క్షారం చేస్తుందని వాట్సాప్‌లో వచ్చింది. ఇక్కడ ఆల్కలైన్ వాటర్ అని సీసా ఖరీదు పెట్టి అమ్ముతున్నారు కూడా.

గోదారి_గట్టు
నిమ్మరసంలో సిట్రిక్ ఆమ్లం ఉంది. ఒంట్లో అది కార్బన్ డయాక్సైడ్, నీళ్లుగా కాలిపోతుంది. అందులోని పొటాషియం లాంటి లవణాల వల్ల మూత్రం కొంచెం క్షారం వైపు పోవచ్చు. రక్తం మాత్రం కదలదు. దాని పీహెచ్‌ని 7.35, 7.45 మధ్య ఊపిరితిత్తులూ మూత్రపిండాలూ కాపలా కాస్తుంటాయి. అది నిజంగా 7.6కో 7.2కో వెళ్లిందంటే ఆస్పత్రిలో ఉండాల్సిన పరిస్థితి. ఆల్కలైన్ నీళ్లైతే గొంతు దిగిన వెంటనే కడుపులోని ఆమ్లంలో పడతాయి, ఆ తర్వాత ఆ గుణం మిగలదు. నిమ్మరసం రుచికి తాగమనండి, తాగాక నోరు పుక్కిలించమనండి, పళ్ల పైపొర పీహెచ్ 5.5 కంటే కిందికి పోతే కరగడం మొదలవుతుంది.

పూల_సజ్జ
ఊరగాయకి నిమ్మకాయలు కోసిన రోజు చేతులు ఎలా మండుతాయో తెలిసినవాళ్లెవరూ బలహీన ఆమ్లాన్ని తేలిగ్గా తీసుకోరు. వేలి మీద కత్తి గాటు ఉంటే ఇక చెప్పక్కర్లేదు.

నల్లరేగడి
మా నేల సంగతి కూడా. చౌడు నేలల్లో కారు చౌడు అంటే పీహెచ్ 8.5 దాటినది. చాకలివాళ్లు బట్టలకి వాడిన చౌడు మన్ను అలాంటిదే, అందులో సోడా ఉంటుంది. అలాంటి నేలకి క్షారం కదా అని ఎవరూ యాసిడ్ పోయరు, జిప్సం వేస్తారు. జిప్సంలోని కాల్షియం మట్టిని పట్టుకున్న సోడియాన్ని తప్పించి ఆ చోట కూర్చుంటుంది, సోడియం సల్ఫేటుగా మారి నీళ్లతో కిందికి పోతుంది. తర్వాత పచ్చిరొట్ట ఎరువుగా జీలుగ చల్లి, పెరిగాక కలియదున్నుతారు. ద్వంద్వ వియోగ చర్య అని మీరు బోర్డు మీద రాసేది మా మడిలో జరుగుతుంటుంది. భూసార పరీక్ష చీటీలో మొదటి వరసలో ఉండేది ఈ పీహెచ్ అంకే.

మార్కుల_మామయ్య
ఇవన్నీ బాగున్నాయి, నేను కాదనట్లేదు. కానీ కొన్ని బట్టీ పట్టాల్సిందే. సల్ఫేట్ రెండు, ఫాస్ఫేట్ మూడు, అమ్మోనియం ఒకటి. ఈ సంయోజకతలు, అంటే ఏది ఎన్నింటితో కలుస్తుందన్న అంకెలు, నోటికి రాకపోతే ఏ సమీకరణమూ తూగదు. అర్థం చేసుకుంటూ కూర్చున్న పిల్ల పరీక్ష హాల్లో సోడియం సల్ఫేట్ ఫార్ములా దగ్గర ఆగిపోతుంది.

ల్యాబ్_కోటు
దానికి ఎవరూ అడ్డు చెప్పరు. ఎక్కాలు నోటికి రావాలి, ఇవీ అంతే. కాకపోతే సోడియానికి ఒకటి ఎందుకు, ఆక్సిజన్‌కి రెండు ఎందుకు అన్నది చివరి కక్ష్యలో ఎలక్ట్రాన్లు లెక్కపెట్టిస్తే వస్తుంది. సోడియం 2, 8, 1. ఆక్సిజన్ 2, 6. ఒకటి వదులుకుంటే తేలికపడుతుంది, ఇంకొకటికి రెండు కావాలి. మొదటి ఇరవై మూలకాలకి ఇలా గీయిస్తే బట్టీ పట్టాల్సినవి సల్ఫేట్, ఫాస్ఫేట్ లాంటి బహుపరమాణుక (చాలా పరమాణువులు కలిసిన) అయాన్లే మిగులుతాయి.

వరంగల్_పిల్ల
నా డౌటు కూడా అడిగేస్త. హైడ్రోజన్ ఉన్నదల్లా ఆమ్లం కాదెందుకు? గ్లూకోజ్‌లో పన్నెండు హైడ్రోజన్లున్నయి. ల్యాబ్‌లో బల్బు పెట్టి చూపించిన్రు, హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో వెలిగింది, గ్లూకోజ్‌లో వెలగలే. కారణం మాత్రం చెప్పలే.

గోదారి_గట్టు
హైడ్రోజన్ ఎవరి చేయి పట్టుకుని ఉందన్నదే ముఖ్యం. ఎసిటిక్ ఆమ్లంలో నాలుగు హైడ్రోజన్లున్నాయి. మూడు కార్బన్‌కి ఉన్నాయి, అవి ఊడిరావు. ఒక్కటే ఆక్సిజన్‌కి ఉంది, పక్కనే ఇంకో ఆక్సిజన్ కూడా ఉండి ఎలక్ట్రాన్లని తనవైపు లాగుతోంది. అందుకే ఆ ఒక్కటి ప్రోటాన్‌గా బయటికి రాగలదు, వచ్చాక మిగిలిన ఋణావేశాన్ని రెండు ఆక్సిజన్లూ పంచుకుంటాయి. గ్లూకోజ్‌లోనూ ఆక్సిజన్‌కి హైడ్రోజన్లున్నాయి, కానీ అవి పోతే మిగిలే ఆవేశాన్ని పంచుకునే తోడు లేదు. అందుకని నీళ్లలో చెప్పుకోదగ్గంతగా వదలవు. అయాన్లు లేవు, బల్బు వెలగదు.

ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త లావోజియే అంతటివాడు ఆమ్లాలన్నిటిలో ఆక్సిజనే ఉంటుందనుకున్నాడు. 1810లో ఇంగ్లండ్‌లో డేవీ క్లోరిన్ ఒక మూలకమని తేల్చాక, హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఆక్సిజన్ లేదని రుజువైంది. స్వీడన్‌లో అరీనియస్ 1884లో అయాన్ల సంగతి రాసి ఉప్సలాలో థీసిస్ ఇస్తే అత్తెసరు గ్రేడుతో పంపించారు. 1903లో అదే పనికి నోబెల్ వచ్చింది.

ఇంకిపెన్ను
మార్కుల మామయ్యా, చూశారా ఆ గ్రేడు 😀

మార్కుల_మామయ్య
చూశాను. అయినా పాసయ్యాడు కదా.

పూల_సజ్జ
మన భీమవరంలో పుట్టిన జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారిని కూడా పిల్లలకి చెప్పండి. 1925లో ఫిస్క్‌తో కలిసి రక్తంలో ఫాస్ఫరస్ ఎంతుందో రంగుతో కొలిచే పద్ధతి తెచ్చారు. ఆమ్లంలో ఫాస్ఫేటూ మాలిబ్డేటూ కలిసి, క్షయకరణం చేస్తే (ఎలక్ట్రాన్లు చేరిస్తే) నీలం రంగు వస్తుంది. నీలం ఎంత ముదిరితే ఫాస్ఫరస్ అంత ఎక్కువ. గర్భిణులకి ఇచ్చే ఫోలిక్ యాసిడ్‌ని ప్రయోగశాలలో తయారుచేసింది కూడా ఆయన నడిపిన బృందమే.

ల్యాబ్_కోటు
ఇంట్లో ప్రయోగాలు చేసేవాళ్లకి రెండు మాటలు. సున్నం అంటే కిళ్లీ సున్నం చిటికెడు చాలు. గుల్ల సున్నంలో నీళ్లు పోస్తే సలసలా మరుగుతుంది, కళ్లలో పడితే చూపు పోతుంది, అది పిల్లల చేతికి ఇవ్వకండి. బాత్‌రూమ్ యాసిడూ, బ్లీచింగ్ పౌడరూ ఎప్పుడూ కలపొద్దు, క్లోరిన్ వాయువు వస్తుంది. ఒకటి పోసిన చోట బాగా కడగకుండా రెండోది పోయడం కూడా కలపడమే. బడి ల్యాబ్‌లో అయితే ఆమ్లాన్ని నీళ్లలో కొద్దికొద్దిగా పోస్తూ కలపాలి. ఆమ్లంలో నీళ్లు పోస్తే పై పొర ఒక్కసారిగా మరిగి ముఖం మీదికి చిమ్ముతుంది.

సిరి_వాళ్ళమ్మ
అందరి పోస్టులూ అమ్మాయే చదువుకుంది. ఫ్రిజ్‌లో నిమ్మకాయలన్నీ అయిపోయాయి. కొత్త ప్రశ్న: "ప్రోటాన్ నీటి అణువుకి అతుక్కుంటేనే హైడ్రోనియం అన్నారు కదా, మరి నీళ్లే లేకపోతే హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఆమ్లమేనా?"

ల్యాబ్_కోటు
ఈ ప్రశ్నకి ప్రయోగం వాళ్ల పుస్తకంలోనే ఉంది. ఉప్పులో గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం వేస్తే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది. పొడి నీలి లిట్మస్ చూపిస్తే రంగు మారదు. తడిపి చూపిస్తే ఎర్రబడుతుంది. పొడి వాయువులో హైడ్రోజన్, క్లోరిన్ ఎలక్ట్రాన్లని పంచుకుని కలిసే ఉంటాయి, ప్రోటాన్ విడిపోయి అతుక్కోవడానికి నీళ్లు కావాలి. ఇది బడి ల్యాబ్‌లో టీచర్ చేతే చేయించాలి, ఇంట్లో వద్దు. గాలిలో తేమ ఎక్కువున్న రోజైతే గొట్టంలో కాల్షియం క్లోరైడ్ పెట్టి వాయువుని ఆరబెట్టాలి, లేకపోతే పొడి కాగితం కూడా ఎర్రబడుతుంది.